గులాబీ రంగు పోగొట్టిన రోజారమణి

శనివారం సాయంత్రం మహబూబ్‌నగర్ నుంచి గద్వాల వచ్చే బస్సులో రోజారమణి పక్క సీటు ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. ఎవరైనా వచ్చి కూర్చున్నా రెండు నిమిషాల్లో లేచి, వెనక్కి పోయి, కమ్మీ పట్టుకుని నిలబడేవాళ్లు. జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్ కదా, తన పక్కన కూర్చోడానికి జనం మొహమాటపడుతున్నారని ఆమె అనుకుంది. రెండు వారాలు ఆ గౌరవాన్ని హాయిగా అనుభవించింది కూడా. మూడో వారం, ముక్కుకు తువ్వాల అడ్డం పెట్టుకున్న ఒక ముసలాయన ఉండబట్టలేక అడిగేశాడు.

"మేడం, మీ సంచిల చేపలేమన్న మురిగినయా?"

సంచిలో చేపలు లేవు. ఆమె చీరకీ, జుట్టుకీ, టిఫిన్ డబ్బాకీ పట్టిన వాసన అది. ముప్పై ఆరేళ్ల వయసులో, ఇంటర్ పిల్లలకు పాఠం చెప్పుకుంటూ, శనివారాలూ సెలవులూ మహబూబ్‌నగర్‌లో ఒక లాబ్‌కు పోయి చేస్తున్న పీహెచ్‌డీ వాసన.

గద్వాల కొత్తగా జిల్లా అయిన మరుసటేడు, 2017లో, ఆమె ఇందులో చేరింది. ఎందుకు చేరావంటే ఆమె దగ్గర నాలుగు రకాల జవాబులుండేవి. విజ్ఞానం మీద ప్రేమ అని ప్రిన్సిపాల్‌కు, ప్రమోషన్ వస్తుందని భర్త మురళీమోహన్‌కు, మనసు కుదురుగా ఉంటుందని అత్త సావిత్రమ్మకు. నాలుగోది ఎవరికీ చెప్పలేదు. స్టాఫ్ రూములో తనకంటే చిన్నవాళ్లు ముగ్గురు పేరు ముందు డాక్టర్ అని రాసుకుంటుంటే ఆమెకు కడుపు మండింది. అసలు కారణం అదే.

ఆమె గైడ్ అమరేందర్ ఆమెకన్నా ఐదేళ్లు చిన్న. నలుగురిలో "మేడం" అనేవాడు, లాబ్‌లో ఇద్దరే ఉంటే "అక్కా" అనేవాడు. ఆమె మాత్రం రెండు చోట్లా "సార్" అనే పిలిచేది. ఆయన డాక్టరేట్ లోహాల మీద. పాలిమర్లు ఆయనకూ కొత్తే. "ఇద్దరం కలిసి నేర్చుకుందాం అక్కా" అన్నాడు మొదటిరోజే. ఆ మాట ఎంత నిజమో ఇద్దరికీ తర్వాత తెలిసింది.

ఆమె చేయాల్సిన పని చెప్పడానికి తేలికే. చిన్న చిన్న అణువులు ఒకదాని వెనక ఒకటి తగులుకుని పొడుగాటి గొలుసైతే అది పాలిమర్. మామూలు పద్ధతిలో చేస్తే గొలుసులు ఇష్టమొచ్చినట్టు పెరుగుతాయి. ఒకటి బారెడు, ఒకటి బెత్తెడు. రోజారమణి ఎంచుకున్న పద్ధతిలో ప్రతి గొలుసు చివరా గంధకమున్న ఒక చిన్న పరమాణువుల గుంపు మూతలా కూర్చుంటుంది. అది ఒక గొలుసు మీంచి లేచి ఇంకోదాని మీద కూర్చుంటూ తిరుగుతూ ఉంటుంది. లేచినప్పుడు ఆ గొలుసు కాస్త పెరుగుతుంది, కూర్చున్నప్పుడు ఆగుతుంది. అట్లా అన్నిటికీ వంతులొచ్చి అన్నీ దాదాపు ఒకే పొడవుకు వస్తాయి. పని ముగిశాక కూడా ఆ గుంపు చివరనే ఉండిపోతుంది. వేరే రకం అణువులు పోసి మళ్లీ వేడిచేస్తే, ఆగిన చోటు నుంచే గొలుసు మళ్లీ పెరుగుతుంది. మొదటి ముక్క నీళ్లంటే పడనిది, రెండో ముక్క నీళ్లంటే ఇష్టపడేది. రెండూ ఒకే గొలుసులో ఉండాలి. అదీ ఆమె థీసిస్.

ఆ గంధకపు గుంపుకు ఇంకో రెండు గుణాలున్నాయి. దానికి గులాబీ రంగుంది. దాన్ని తయారుచేసే పనిలో గబ్బుంది.

ఇంట్లో ఆ గబ్బు ముందుగా పట్టుకున్నది సావిత్రమ్మ. వాళ్లది మగ్గాల ఇల్లు. మురళీమోహన్ గద్వాల చీరలు నేస్తాడు. నూలు చీరకు పట్టు కొంగు. ఆ కొంగు దగ్గర నూలు పోగు కొసను పట్టు పోగు కొసతో ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతకాలి. నలభై ఏళ్లుగా ఆ పని సావిత్రమ్మది. ఒక ఆదివారం ఆమె పోగులు వదిలేసి మగ్గం గుంటలోకి వంగి చూస్తోంది.

"ఏం పోయింది అత్తమ్మా?"

"ఎలుక చచ్చినట్టుందే. పొద్దటి సంది ఎతుకుతున్న."

రోజారమణి గోడకు తగిలించిన తన సంచివైపు చూసింది. సావిత్రమ్మ కోడలి కళ్లను చూసి, సంచి దగ్గరికి పోయి, వాసన చూసి, రెండడుగులు వెనక్కి వేసింది.

"ఓయమ్మ! గిదా? గిదేం చదువే? పట్టుకు గీ గబ్బు పట్టిందంటే చీరె ఎవరు కడ్తరు? నిన్ను చదువద్దంటలేను బిడ్డా. జర కడిగి తెచ్చుకోరాదా?"

కడగమన్నది సంచిని. రోజారమణి బుర్రలోకి మాత్రం ఆ మాట మరోరకంగా వెళ్లింది. మరుసటి శనివారం తన పాలిమర్‌ను మిథనాల్‌లో కడిగింది. గులాబీ రంగు పోలేదు. మళ్లీ కడిగింది. మూడోసారి కడిగింది. అయినా పొడి బొంబాయి మిఠాయిలా గులాబీగానే ఉంది. రంగు కనిపిస్తే ముందు మలినాన్ని అనుమానించమని ఆమె ప్రాక్టికల్స్‌లో పిల్లలకు చెప్పేది. తన మాట తనే నమ్మింది. అది మురికేనని తీర్మానించుకుంది.

పరిశోధన పత్రాల్లో వెతికితే రంగు పోగొట్టే ఉపాయం దొరికింది. ఇనిషియేటర్‌ను, అంటే గొలుసు కట్టడాన్ని మొదలుపెట్టించే రసాయనాన్ని, చాలా ఎక్కువగా వేసి వేడిచేస్తే గులాబీ రంగు మాయమవుతుంది. కొలతలు శ్రద్ధగా నోటుబుక్కులో ఎక్కించుకుంది. ఆ కొలతలకు పైనున్న వాక్యం మాత్రం చదవలేదు. గొలుసును ఇక పెంచే అవసరం లేనప్పుడే చివరి గుంపును ఇట్లా తీసేయాలని అందులో ఉంది. ప్రశ్న మొత్తం చదవకుండా జవాబు రాసే పిల్లలను బెంచీ ఎక్కించే లెక్చరర్ ఆమె.

రంగు పోయింది. పొడి వరిపిండిలా తెల్లగా వచ్చింది. వాసన కూడా చాలావరకు పోయింది. అప్పుడే చెల్లెలి పెళ్లి పనుల్లో పడి ఉన్న అమరేందర్, సీసాను వెలుగుకు పెట్టి చూసి, "సూపర్ అక్కా" అని శుభలేఖ ఇచ్చి వెళ్లిపోయాడు. ఉత్సాహం పట్టలేక రోజారమణి లాబ్‌లో ఉన్న పాత గులాబీ పొడి మొత్తాన్నీ, ఒక్క చెంచా మిగల్చకుండా, తెల్లగా చేసేసింది. బస్సులో పక్క సీటు నిండసాగింది. మగ్గం గదిలో సంచికి మళ్లీ మేకు దొరికింది.

తర్వాతి నాలుగు నెలలు ఆ తెల్లపొడి మీద రెండో ముక్కను పెంచే పని. ప్రతిసారీ కాస్త నమూనా హైదరాబాద్‌కు పంపేది. అక్కడి యంత్రం గొలుసులను పొడవును బట్టి వేరుచేస్తుంది. పొడవైనవి ముందు బయటికొస్తాయి, పొట్టివి వెనక. ఎన్ని గొలుసులొస్తే అంత ఎత్తున కాగితం మీద గుట్ట లేస్తుంది. ఆమెకొచ్చిన కాగితంలో రెండు గుట్టలున్నాయి. ఒకటి సన్నగా, నిటారుగా. ఇంకోటి లావుగా, వాలుగా.

రోజారమణి గాల్లో తేలింది. తాను కలపాలనుకున్నవి రెండు ముక్కలు. కాగితం మీద గుట్టలు రెండు. ఇంకేం సాక్ష్యం కావాలి? స్టాఫ్ రూములో బాలుషాలు పంచింది. డాక్టర్లు ముగ్గురికీ రెండేసి ఇచ్చింది. అమరేందర్ కాగితం చూసి "శబాష్" అన్నాడు.

ఆ ఊపులోనే 2019 ఫిబ్రవరిలో నల్లగొండలో జరిగిన సెమినార్‌కు పేరిచ్చింది. మురళీమోహన్ ఆమె కోసం ప్రత్యేకంగా నేసిన చీర కట్టుకుని వేదికెక్కింది. తెర మీద రెండు గుట్టలు. పది నిమిషాలు దంచి చెప్పింది. చప్పట్లు కూడా పడ్డాయి. ముందు వరసలో, కర్ర పట్టుకుని కూర్చున్న ఒక రిటైర్డ్ ప్రొఫెసర్ చెయ్యెత్తాడు.

"అమ్మా, బాగ చెప్పినవ్. ఒక్క అనుమానం. రెండు గుట్టలు ఎందుకొచ్చినయ్?"

ఇంత చిన్న ప్రశ్నా అనుకుని రోజారమణి నవ్వింది. "రెండు ముక్కలు కద సార్. అందుకే రెండు."

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన మాత్రం నవ్వలేదు.

"అవి రెండూ అతికి ఒకటే గొలుసైతే, యంత్రానికి ఒకటే గుట్టగ గదా కనిపియ్యాలె? పాత గుట్ట ఉన్నకాడనే ఉన్నది. పక్కన ఇంకోటి లేచింది. అంటే నీ పాత గొలుసులు కదల్లేదు. కొత్తవి వాటంతట అవి పుట్టినయ్." ఆయన కళ్లద్దాలు తీశాడు. "మొదటి పొడి ఏ రంగున్నది?"

"తెల్లగ సార్," అంది రోజారమణి. అప్పటికీ ఆ గొంతులో కొంచెం గర్వం మిగిలే ఉంది. "గులాబీ రంగుండె. చాలా కష్టపడి పోగొట్టిన."

"ఆ గులాబీ రంగే గదమ్మా చివర ఉన్న గుంపు. దాన్నే పీకేస్తివి. ఇగ పెరుగుమంటె ఎక్కడినుంచి పెరుగుతది?"

ఆ పొడి ఎంత తెల్లగా ఉందో, ఆమె అంతకు రెండింతలు తెల్లబోయింది. వేదిక దిగేటప్పుడు చీర కుచ్చిళ్లు తొక్కి పడబోయింది కూడా. అదొక్కటే తక్కువైందనుకుంది.

అవమానంతో అన్నం సహించదని ఆమె విని ఉంది. తనకట్లా ఏం కాలేదు. మధ్యాహ్న భోజనంలో బగారా అన్నం రెండుసార్లు పెట్టించుకుంది. రెండోసారి పెట్టించుకుంటున్నప్పుడే ఆ పెద్దాయన పక్కకొచ్చి, "తిను తల్లీ, నేను గూడ చిన్నప్పుడు ఇంతకన్న పెద్ద తప్పు చేసిన" అన్నాడు. ఏం తప్పో అడిగితే చెప్పలేదు. అది ఉత్త ఓదార్పేనని ఆమెకు అర్థమైంది.

ఏడుపు బస్సులో వచ్చింది. దేవరకొండ దాకా కిటికీలోంచి చూస్తూ బిగబట్టింది. ఆ తర్వాత ఆగలేదు. పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ, పేరు బిక్షమ్మ అని తర్వాత చెప్పింది, కాసేపు చూసి భుజం మీద చెయ్యేసింది.

"ఎవరు పోయిన్రు బిడ్డా?"

"నాలుగు నెలలు పోయినయమ్మా."

బిక్షమ్మకు అది మరోలా అర్థమైంది. కడుపు పోయిందనుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఫికర్ చెయ్యకు. నీ వయసెంతనని? మళ్లయితది" అని కల్వకుర్తి వచ్చేదాకా వీపు నిమురుతూనే ఉంది. అది పొడి సంగతని ఎట్లా చెప్పాలో రోజారమణికి తెలియలేదు. ఆమె ఒడిలో పోసిన ఉడకబెట్టిన పల్లికాయలు తింటూ, ఏడుస్తూ, మధ్యమధ్యలో నవ్వొస్తే దాన్ని కూడా ఏడుపులో కలిపేసింది.

మర్నాడు ఇంట్లో జరిగింది జరిగినట్టు చెప్పింది. సావిత్రమ్మ చేతిలో పోగులు అట్లాగే పట్టుకుని విన్నది.

"అంటే, రెండు కట్టలు పక్కపక్కన పెట్టి అతికినయని చెప్పినవా?"

"ఆ."

"అంతమంది ముందట?"

"ఆ అత్తమ్మా."

మగ్గం మీదున్న మురళీమోహన్ నవ్వాపుకోలేక గుంటలోంచి పైకొచ్చేశాడు. రోజారమణి కోపంగా చూసింది. అతను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "నవ్వుతలేను, దగ్గొచ్చింది" అన్నాడు. మళ్లీ నవ్వాడు. చివరికి ఆమెకూ నవ్వొచ్చింది. సావిత్రమ్మ ఒక్కతే నవ్వలేదు.

"గంతా నేను కడుగుమన్నందుకేనా బిడ్డా?" అంది చిన్నగా.

"నువ్వు సంచిని కడుగుమన్నవ్ అత్తమ్మా. పొడిని కడిగిన అతితెలివి నాది."

పీహెచ్‌డీ మానేద్దామని రోజారమణి ఉత్తరం రాసుకుని సోమవారం సెలవు పెట్టి అమరేందర్ దగ్గరికి వెళ్లింది. అప్పటికే నల్లగొండ సంగతి ఆయన చెవిన పడింది. ఉత్తరం చదివి మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"అక్కా, నువ్వు మానేస్తే నేను గూడ మానెయ్యాలె. ఆ కాగితం చూసి శబాష్ అన్నది నేనే గద. నువ్వన్న నేర్చుకుంటున్నవ్. నేను గైడ్‌ను."

అంతకన్నా పెద్ద మాట ఏ గైడూ అని ఉండడని ఆమెకు తోచింది. ఉత్తరం తిరిగి అడగలేదు.

పని మళ్లీ మొదటి నుంచి మొదలైంది. గంధకపు గుంపును కొత్తగా తయారుచేయడం, దాని గబ్బు, బస్సులో ఖాళీ సీటు, అన్నీ తిరిగొచ్చాయి. ఈసారి సావిత్రమ్మే ఏర్పాటు చేసింది. కోడలు రాగానే పెరట్లోనే స్నానం, లాబ్ చీరలకు వేరే దండెం, సంచికి గోడ బయట కొక్కెం. "కడగకు, ఏం కడగకు. గట్లనే ఉండనియ్" అని ప్రతి శనివారం గుమ్మంలో నిలబడి గుర్తుచేసేది. అప్పుడప్పుడూ ఫోన్ చేసి, "రంగున్నదా?" అని అడిగేది. "ఉన్నదత్తమ్మా" అంటే పెట్టేసేది.

గులాబీ పొడి మీద రెండో ముక్కను పెంచిన మొదటిసారి ఏమీ జరగలేదు. సీసాలోంచి గాలి పూర్తిగా పోలేదు; అందులోని ఆక్సిజన్ గొలుసును పెరగనివ్వదు. రెండోసారి నత్రజనిని గంటసేపు పట్టించి, మూత బిగించి, అమరేందర్‌కు ఒకసారి చూపించి, తను రెండుసార్లు సరిచూసి పెట్టింది. ఆ నమూనా ఫలితం నవంబరులో, కాలేజీలో ప్రాక్టికల్స్ నడుస్తుండగా ఫోన్‌కు వచ్చింది. తెరిచింది. ఒకటే గుట్ట. సన్నగా, నిటారుగా ఉంది. పాత చోటు వదిలేసి, ముందుకు, పొడవైన గొలుసులుండే వైపుకు జరిగింది. పాత చోట ఏమీ లేదు.

ఎవరికీ చెప్పలేదు. బాలుషాల దుకాణం ముందు నుంచే నడిచి ఇంటికెళ్లింది, దుకాణంలోకి మాత్రం పోలేదు. అదే పని ఇంకో రెండుసార్లు చేసింది. మూడుసార్లూ ఒకటే గుట్ట వచ్చాక అమరేందర్‌కు చూపింది. ఆయన ఈసారి శబాష్ అనలేదు. కాగితాన్ని తిప్పి తిప్పి పావుగంట చూసి, "ఇంకోసారి చేద్దామా అక్కా?" అన్నాడు. ఇద్దరికీ అంత భయం పట్టుకుంది.

తర్వాత లాక్‌డౌన్ వచ్చి లాబ్ మూతపడింది. ఆ నెలల్లో ఆమె మగ్గం గదిలో ఒక మూల కూర్చుని థీసిస్ రాసింది. అందులో ఒక అధ్యాయం మొత్తం తెల్లపొడి గురించే. ఎందుకు రంగు పోగొట్టింది, ఏ వాక్యం చదవలేదు, రెండు గుట్టలను ఏమనుకుంది, అసలు అవేమిటి, అన్నీ రాసింది. అమరేందర్ చదివి గాభరాపడ్డాడు.

"గిది తీసేద్దామక్కా. పరీక్షకొచ్చెటోళ్లు మనల్ని ఆడుకుంటరు."

"నల్లగొండల ఆల్రెడీ ఆడుకున్నరు సార్. ఇగ ఏం మిగిలింది?"

వైవాలో పరీక్షాధికారి దాదాపు ఆ ఒక్క అధ్యాయం మీదే ప్రశ్నలడిగాడు. ప్రతి ప్రశ్నకూ రోజారమణి దగ్గర జవాబుంది. తప్పు చేసిన మనిషి తను కాబట్టి దాని ఇంటి అడ్రసు కూడా తెలుసు. పనికొచ్చిన గొలుసుల గురించి అడిగినప్పుడే కాస్త తడబడింది. చూడ్డానికొచ్చిన సావిత్రమ్మ వెనక వరసలో మంచి నిద్రలో ఉంది, చప్పట్లకు లేచి తనూ కొట్టింది. 2022లో రోజారమణి పేరు ముందు డాక్టర్ అని పడింది. కాలేజీ బోర్డు మీద ఆ మాట రాయించుకోడానికి పెయింటర్ చుట్టూ వారం తిరిగింది. తీరా రాశాక, రోజూ చూసేది తనొక్కతేనని గ్రహించింది.

రెండేళ్లకు ఒక మధ్యాహ్నం తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. నల్లగొండ జిల్లా హాలియా అమ్మాయట, పేరు మల్లిక, హైదరాబాద్‌లో ఎక్కడో పరిశోధన చేస్తోంది. ఇంటర్నెట్‌లో థీసిస్ దొరికితే చదివిందట.

"మేడం, మీ తెల్లపొడి చాప్టర్ చూసిన. నాది గూడ గులాబీ రంగు పోతలేదని నిన్ననే పోగొడదామనుకున్న. అంతా రెడీ పెట్టుకున్న మేడం."

"పోగొట్టినవా?"

"లేదు మేడం. ఆపేసిన."

రోజారమణి కుర్చీలో వెనక్కి వాలింది. ఐదేళ్ల పీహెచ్‌డీలో తను చేసిన పని మొదటిసారి ఇంకో మనిషికి పనికొచ్చింది. అదీ సరిగా చేసిన పని కాదు. దానికి బాధపడాలో సంతోషపడాలో తేల్చుకోలేక, ఆ పిల్లకు నల్లగొండ కథంతా చెప్పింది. మల్లిక మొదట మర్యాదగా విన్నది. బిక్షమ్మ దగ్గరికొచ్చేసరికి పగలబడి నవ్వింది.

నెల తర్వాత మల్లిక తన కాగితం ఫోన్‌కు పంపింది. గుట్ట ముందుకు జరిగింది. కానీ పాత చోట చిన్న బొడిపె కనిపించింది. రోజారమణి తెరను రెండు వేళ్లతో పెద్దది చేసి చూసి, వెంటనే ఫోన్ చేసింది.

"మల్లికా, వెనకాల చిన్న బొడిపె చూసినవా?"

"చూసిన మేడం. యంత్రం లోపమేమో అనుకున్న."

"యంత్రాన్నేం అనకు. మొదటి ముక్కను ఎంతసేపు ఉడికించినవ్?"

"ఇరవై నాలుగు గంటలు మేడం. మొత్తం అయిపోవాలని."

"అదే. అంతసేపు ఉంచితే కొన్ని గొలుసులు చివరి గుంపు పోగొట్టుకుని చచ్చిపోతయ్. ఇగ పెరగవు. సగం దాటినంక ఆపేసి చూడు, బొడిపె తగ్గుతది. ఇంకో మాట, ఇనిషియేటర్ ఎంతేస్తున్నవ్?"

అట్లా మొదలై, నత్రజని, మిథనాల్, సీసా మూతలు, ఆ పిల్ల గైడ్ స్వభావం, హాలియాలో ఈసారి కాలువ నీళ్లు, అన్నీ మాట్లాడుకున్నారు. తను ఇంత తేలిగ్గా బొడిపె కనిపెట్టిందన్న ఆనందంలో రోజారమణి కాలేజీ వరండాలో అటూ ఇటూ పచార్లు చేస్తూ చేతులూపి మరీ వివరించింది. ఫోన్ పెట్టేసి, చాక్‌పీసు తీసుకుని, హుందాగా ఫస్టియర్ క్లాసులోకి అడుగుపెట్టింది.

గదిలో ఒక్కరూ లేరు. ఆ పీరియడ్ అయిపోయిన గంట ఎప్పుడో కొట్టారు. కిటికీలోంచి చూస్తే పిల్లలంతా గ్రౌండులో కబడ్డీ ఆడుతున్నారు.